మన జిల్లా అంత దేశం.. రెండు ఒలింపిక్ స్వర్ణాలు

2011 లెక్కల ప్రకారం ఇప్పటి మహబూబాబాద్ జిల్లా జనాభా 7 లక్షల 74 వేలు. 2017 లెక్కల్లో ఫిజీ దేశం మొత్తం జనాభా 8 లక్షల 84 వేలు. మరిపెడ, డోర్నకల్, కురవి, తొర్రూరు, గార్ల, బయ్యారం.. జిల్లాలోని మండలాలన్నీ కలిపి, పక్క జిల్లా నుంచి ఇంకో రెండు మండలాలు చేర్చుకుంటే ఒక ఫిజీ అవుతుంది. పసిఫిక్ మహాసముద్రంలో 330కి పైగా దీవులు, వాటిలో మనుషులు కాపురముండేవి నూటపది దాకా. ఇంత చిన్న దేశం రగ్బీలో ఇంగ్లండ్‌ను, ఫ్రాన్స్‌ను, ఆస్ట్రేలియాను మట్టి కరిపించింది. ఒలింపిక్స్‌లో వరసగా రెండుసార్లు బంగారు పతకం పట్టుకెళ్లింది.

ఆ దేశంతో మనకు చుట్టరికం కూడా ఉంది. ఫిజీలో రగ్బీ సంఘం పుట్టిన రోజుల్లోనే అక్కడి చెరకు తోటల్లో తెలుగు కూలీలు ఓడ దిగుతున్నారు. ఆ ఆట, ఆ మనుషులు ఒకే నేల మీద ఒకే కాలంలో వేళ్లూనుకున్నా చాలాకాలం ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఫిజీ రగ్బీ చరిత్ర చదువుతుంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలబెట్టిన సంగతి అదే. గెలుపులు, కప్పులు, వింతలు ఎలాగూ బోలెడున్నాయి, అవీ చెప్పుకుందాం.

ముందుగా ఆట సంగతి

రగ్బీ ఎప్పుడూ చూడనివాళ్లు కబడ్డీని తలచుకుంటే చాలు. రైడర్ గీత దాటి తిరిగి వెళ్లకుండా నడుము దగ్గరో తొడల దగ్గరో పట్టుపట్టి కింద పడేస్తారు కదా, రగ్బీలో ట్యాకిల్ అలాంటిదే. కాకపోతే ఇక్కడ పరుగెత్తేవాడి చంకలో కోడిగుడ్డు ఆకారపు బంతి ఉంటుంది. దాన్ని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. దానికి ఇప్పుడు 5 పాయింట్లు. అసలు రగ్బీలో జట్టుకు 15 మంది, ఆట 80 నిమిషాలు. సెవెన్స్‌లో ఏడుగురే, ఏడేసి నిమిషాల రెండు సగాలు. మైదానం మాత్రం అంతే. అంత చోటులో పద్నాలుగు మందే ఉంటే పరుగు తెలిసినవాడిదే రాజ్యం. ఈ సెవెన్స్ 1883లో స్కాట్లండ్‌లోని మెల్రోజ్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. క్లబ్బుకు నాలుగు డబ్బులు వస్తాయని దాన్ని తలపెట్టిన నెడ్ హేగ్ అక్కడ మాంసం కొట్టులో పనిచేసేవాడు.

ఫిజీ కంటే ముందు కలకత్తా

మీకు తెలుసా? ఫిజీ కంటే పన్నెండేళ్ల ముందే మన దేశంలో రగ్బీ ఆడారు. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో తెల్లవాళ్లు ఆడిన మ్యాచ్‌తో అది మొదలైంది. మరుసటి ఏడాది క్లబ్బు పెట్టుకున్నారు. ఆడేవాళ్లు తగ్గి 1878లో క్లబ్బు మూసేశారు. బ్యాంకు ఖాతాలో మిగిలిన వెండి రూపాయలను తీసి, కరిగించి, నాగుపాముల పిడులు, మూత మీద ఏనుగు ఉన్న కప్పు చేయించి ఇంగ్లండ్‌కు పంపారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా పోటీపడే కలకత్తా కప్పు అదే. కప్పు మనది, ఆట మాత్రం మన దగ్గర నిలవలేదు.

ఫిజీలో తొలి ఆట 1884 నాటిది. విటిలెవు దీవిలోని బా అనే ఊళ్లో అక్కడి సాయుధ దళంలోని ఫిజియన్, ఐరోపా సిపాయిలు ఆడారు. ఈ బా అనే పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ప్లంబర్ గారి ట్రై

ఫిజీ రగ్బీ సంఘం 1913లో ఏర్పడింది. రాజధాని సువాలో గ్రాండ్ పసిఫిక్ హోటల్ కడుతున్న కాలం. న్యూజిలాండ్ నుంచి ఆ కట్టడం పనికి వచ్చిన ప్లంబర్ ప్యాడీ షీహన్ సాయంత్రాలు ఊరికే కూర్చోలేక క్లబ్బు పెట్టాడు. ఆ ఏడాదే కాలిఫోర్నియా నుంచి ఇంటికెళ్తున్న న్యూజిలాండ్ ఆల్‌బ్లాక్స్ జట్టు దారిలో సువాలో ఆగి ఒక మ్యాచ్ ఆడింది. ఫలితం 67-3. ఫిజీకి వచ్చిన ఆ మూడు పాయింట్లూ షీహన్ కొట్టిన ఒకే ఒక్క ట్రైవి. అప్పట్లో ట్రైకి మూడే పాయింట్లు. అయితే ఆ జట్టులో ఉన్నది దాదాపు అందరూ తెల్లవాళ్లే. స్థానికుల సంఘం 1915లో విడిగా వచ్చింది.

మైదానం మధ్యలో చెట్టు

తొలి అంతర్జాతీయ మ్యాచ్ కథ పిల్లలకు చెప్పినా నోరు తెరిచి వింటారు. 1924 ఆగస్టు 18న టోంగా పర్యటనకు ఓడలో వెళ్తూ ఫిజీ జట్టు దారిలో పశ్చిమ సమోవా రాజధాని అపియాలో దిగింది. సమోవా ఆటగాళ్లకు పొద్దున్నే కొలువులకు వెళ్లాలి. అందుకని మ్యాచ్ ఉదయం ఏడు గంటలకే పెట్టారు. మైదానంలో సరిగ్గా సగం గీత మీద పెద్ద చెట్టు ఉంది. దాన్ని ఎవరూ కొట్టేయలేదు. రెండు జట్లూ దాని చుట్టూ తిరుగుతూ ఆడాయి. నల్ల చొక్కాలు వేసుకున్న ఫిజీ 6-0తో గెలిచింది. ఆట అయ్యాక సమోవా వాళ్లు పనికి పోయారు.

టోంగాలో మూడు టెస్టులు ఆడితే చెరొకటి గెలిచి, మూడోది 0-0తో ముగిసింది. తిరుగు ప్రయాణంలో సమోవా 9-3తో బాకీ తీర్చుకుంది. ఫిజీ ఇప్పుడు వేసుకునే తెల్ల జెర్సీ, గుండె మీది తాటిజాతి చెట్టు గుర్తు 1926లో టోంగా వాళ్లు ఫిజీకి వచ్చినప్పటివి. బూట్లు మాత్రం అంత తొందరగా రాలేదు. ఆ రోజుల్లో స్థానిక ఆటగాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడేవారు, వట్టికాళ్లతోనే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నేవారు.

ఓడ దిగిన తెలుగువాళ్లు

ఇప్పుడు మన వాళ్ల సంగతి. భారతదేశం నుంచి కూలీలను మోసుకెళ్లిన తొలి ఓడ లియోనిడాస్ 1879 మే 14న ఫిజీ చేరింది. 1916 వరకు మొత్తం అరవై వేల మందికి పైగా వెళ్లారు. మొదటి ఇరవై ఏళ్లకు పైగా ఓడలన్నీ కలకత్తా నుంచే బయలుదేరేవి. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరిచారు. అలా దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లు సుమారు పదిహేను వేలు. ఉత్తర ఆర్కాటు, తంజావూరు, మలబారు వాళ్లతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు అందులో ఉన్నారు. వరంగల్ అప్పటికి నిజాం రాజ్యం. ఓడ కంపెనీ మనుషులు తిరిగింది ప్రధానంగా మద్రాసు రాజధాని జిల్లాల్లో.

ఐదేళ్ల ఒప్పందం. పనంతా పూర్తి చేస్తే మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ఆ పని కొలత పూర్తికాక కూలి కోత పడినవాళ్లే ఎక్కువ. ఓడ దిగగానే నుకులౌ అనే చిన్న దీవిలో కొన్నాళ్లు ఉంచి, రోగాలేమీ లేవని తేలాక తోటలకు పంచేవారు. యజమాని చాలావరకు ఒక్కడే, కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. లౌటోకాలో ఆ కంపెనీ పెద్ద చక్కెర మిల్లు మొదలైంది కూడా 1903లోనే. మద్రాసు ఓడ, లౌటోకా మిల్లు ఒకే ఏడాది వచ్చాయంటే ఎవరి చెమటతో అది నడిచిందో వేరే చెప్పక్కర్లేదు.

1920 జనవరి 1న ఆ ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. వెనక్కి రానివాళ్లు కౌలుకు భూమి తీసుకుని చెరకు వేశారు. 1926లో నాండిలో సాధు కుప్పుస్వామి దక్షిణాది వాళ్లందరి కోసం 'తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం' స్థాపించారు. తెలుగువాళ్లు 1941లో 'దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం' పెట్టుకున్నారు. ఈ సంగాలు కట్టిన బడుల్లో తెలుగు, తమిళం నేర్పారు. లబాసాలో నర్సింగ్ కాలేజీ కూడా నడుస్తోంది. ఇళ్లలో ఇప్పుడు వినిపించేది ఎక్కువగా ఫిజీ హిందీయే అయినా రెడ్డి, నాయుడు అనే పేర్లు ఫిజీ ఫోన్ పుస్తకం నిండా ఉన్నాయి.

వాళ్లకు బంతి, వీళ్లకూ బంతి.. కానీ వేర్వేరు

చెరకు తోటల కూలీల ఇళ్ల వరసల్లో పిల్లలు ఆడుకున్నది ఫుట్‌బాల్. 1938లో సంఘం పెట్టినప్పుడు దాని పేరే 'ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్'. అందరికీ తలుపు తెరిచి పేరులోంచి 'ఇండియన్' తీసేసింది 1960ల ఆరంభంలో. రగ్బీ స్థానిక ఫిజియన్లది, ఫుట్‌బాల్ భారతీయులది. ఏ చట్టంలోనూ రాయని ఈ పంపకం తరాల తరబడి నడిచింది. దీనికి నేను ఆటగాళ్లను తప్పుపట్టను. తోట కూలీలు ఊళ్లకు పోకూడదు, ఫిజియన్లు ఊళ్లు వదలకూడదు అన్నది తెల్ల దొరల పాలనా పద్ధతి. బడులు వేరు, బస్తీలు వేరు అయిన చోట మైదానం ఒక్కటెలా అవుతుంది?

ఇక బా ఊరి సంగతి. ఫిజీలో రగ్బీ పుట్టిన ఆ ఊరు చుట్టూ చెరకు, మధ్యలో మిల్లు. భారతీయ సంతతి ఎక్కువ. ఇప్పుడది ఫిజీలోకెల్లా ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కువున్న ఊరు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ట్రోఫీలు గెలిచిన ఫుట్‌బాల్ జట్లలో బా ఒకటి. రగ్బీ అక్కడ పుట్టిందన్న సంగతి అక్కడి పిల్లల్లోనే చాలామందికి గుర్తు చేయాలేమో.

మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ చూసేవాళ్లకు రాయ్ కృష్ణ తెలిసే ఉంటాడు. ఏటీకే, మోహన్ బగాన్, బెంగళూరు, ఒడిశా జట్లకు ఆడిన ఆ స్ట్రైకర్ ఫిజీలోని లబాసా కుర్రాడు, భారతీయ సంతతివాడు. రియో ఒలింపిక్స్‌లో ఫిజీ ఫుట్‌బాల్ జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది. కొరియా మీద 0-8, జర్మనీ మీద 0-10. మెక్సికో మీద కొట్టిన ఒకే ఒక్క గోల్ రాయ్ కృష్ణది. అదే ఒలింపిక్స్‌లో రగ్బీ జట్టు ఏం చేసిందో కాసేపట్లో చెప్తాను.

కెప్టెన్ గవర్నర్ జనరల్ అయ్యాడు

1939లో ఫిజీ జట్టు న్యూజిలాండ్ వెళ్లి ఎనిమిది మ్యాచ్‌లు ఆడింది. ఏడు గెలిచి ఒకటి డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. చివరికి మావోరీ జట్టును 14-4తో ఓడించింది. కెప్టెన్ రతు జార్జ్ థాకొంబౌ. 1874లో ఫిజీని బ్రిటిష్ రాణికి అప్పగించిన రాజు సేరు థాకొంబౌకు ముని మనవడు. న్యూజిలాండ్ వాళ్ల హాకాకు జవాబుగా తమకూ ఒక యుద్ధనృత్యం ఉండాలని పట్టుబట్టి థింబిని మైదానానికి తెచ్చింది ఆయనే. 2012 దాకా ప్రతి మ్యాచ్‌కు ముందూ థింబి ఆడారు, తర్వాత బోలే అనే మరో నృత్యం వచ్చింది. థింబి అసలు యుద్ధం గెలిచి వచ్చినప్పటి వేడుక, బోలే యుద్ధానికి ముందు విసిరే సవాలు. ఆట మొదలవకముందు ఏది తగునో ఆలోచించి మార్చుకున్నారు.

ఈ థాకొంబౌ 1973లో స్వతంత్ర ఫిజీకి గవర్నర్ జనరల్ అయ్యారు. ఆయన ఆ పదవిలో ఉండగానే 1977 ఆగస్టు 16న సువాలో ఫిజీ 25-21తో బ్రిటిష్ లయన్స్‌ను ఓడించింది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ నాలుగూ ఏరి కూర్చిన జట్టు అది.

మధ్యలో మరికొన్ని: 1952లోనూ, 1954లోనూ ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డ మీదే ఒక్కో టెస్టులో ఓడించారు. 1964లో కార్డిఫ్‌లో వేల్స్ మీద 22-28తో ఓడినా అక్కడి జనం ఆ ఆటను ఏళ్లపాటు చెప్పుకున్నారు. 1970లో గోస్‌ఫోర్త్‌లో బార్బేరియన్స్ జట్టును 29-9తో చిత్తు చేశారు.

మే 14

ఇది రగ్బీ కథా, రాజకీయమా అంటే రెండూ. 1987 ఏప్రిల్‌లో ఫిజీలో తిమోతి బవాండ్రా ప్రధానిగా, భారతీయ సంతతి మద్దతు గట్టిగా ఉన్న ప్రభుత్వం ఏర్పడింది. దక్షిణ భారత సంతతికి చెందిన లాయరు జైరామ్ రెడ్డి అందులో న్యాయశాఖ మంత్రి, అటార్నీ జనరల్. నెల తిరిగిందో లేదో మే 14న ముసుగులేసుకున్న సైనికులు పార్లమెంటులోకి దూరి మంత్రులందరినీ బందీలు చేశారు. నడిపించింది లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబూకా. ఆయన ఒకప్పుడు ఫిజీ జాతీయ రగ్బీ జట్టుకు ఆడినవాడు. పైగా ఆ మే 14, లియోనిడాస్ ఓడ ఫిజీ చేరిన రోజు. సరిగ్గా 108 ఏళ్ల తర్వాత.

పది రోజులకే, మే 24న, న్యూజిలాండ్‌లో తొట్టతొలి రగ్బీ ప్రపంచకప్‌లో ఫిజీ బరిలోకి దిగింది. ఇంటి దగ్గర తుపాకులు, ఇక్కడ బంతి. అర్జెంటీనాను 28-9తో ఓడించి క్వార్టర్‌ఫైనల్ చేరింది. ఫ్రాన్స్‌తో ఆ మ్యాచ్‌లో సెవెరో కొరొదువదువా ఎదురులేకుండా పరుగెత్తుతూ ఒంటిచేత్తో పట్టుకున్న బంతిని జారవిడిచాడు. ఫిజీ 16-31తో ఓడింది. ఆ జారిపోయిన బంతి ఫిజీ వాళ్లకు ఇప్పటికీ కంట్లో నలుసే.

కుట్ర తర్వాత వేలమంది భారతీయులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా వెళ్లిపోయారు. కానీ కథ అక్కడ ఆగలేదు. ప్రధాని అయిన రంబూకా, ప్రతిపక్ష నేత జైరామ్ రెడ్డి.. ఒకనాడు బందీ చేసినవాడు, బందీ అయినవాడు.. ఒకే బల్ల దగ్గర కూర్చుని 1997 రాజ్యాంగాన్ని తయారు చేయించారు. స్థానిక రాజుల మహాసభలో నిలబడి మాట్లాడిన తొలి భారతీయ సంతతి నాయకుడు జైరామ్ రెడ్డే. ఆ ఏడాది మార్చిలోనే హాంకాంగ్‌లో ఫిజీ తొలిసారి సెవెన్స్ ప్రపంచకప్ గెలిచింది. ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 24-21. ఒకే సంవత్సరంలో రెండు గెలుపులు. నా దృష్టిలో రాజ్యాంగమే పెద్దది.

జైరామ్ రెడ్డి తర్వాత రువాండా నరమేధం కేసులు విచారించిన అంతర్జాతీయ ట్రైబ్యునల్‌లో జడ్జిగా పనిచేసి, 2022లో కన్నుమూశారు. అదే ఏడాది చివర మళ్లీ ప్రధాని అయిన రంబూకా 2023 మే 14న సువాలో జనం ఎదుట నిలబడి భారతీయ సంతతికి క్షమాపణ చెప్పారు. ఆ మాట వినడానికి రెడ్డి లేరు.

ఒక్క వైసాలే సెరేవీ

1997 కప్పు ఎత్తిన కెప్టెన్ వైసాలే సెరేవీ. మనిషి పొట్టి. బంతి ఎటు వెళ్తుందో ఎదుటివాడికే కాదు, కొన్నిసార్లు సొంత జట్టువాళ్లకూ తెలిసేది కాదు. 2005లో 36 ఏళ్ల వయసులో మళ్లీ జట్టును నడిపించి న్యూజిలాండ్ మీద ఫైనల్ గెలిచి రెండో కప్పు తెచ్చాడు. ప్రపంచ సెవెన్స్ అభిమానులు ఆయన్ని రాజు అంటారు. మూడో కప్పు 2022లో కేప్‌టౌన్‌లో, మళ్లీ న్యూజిలాండ్ మీదే, 29-12తో వచ్చింది.

ఈ పరుగు ఎక్కడిది? ఫిజీ ఊళ్లలో సాయంత్రం కాగానే పిల్లలు గుంపుగా బయటికొస్తారు. బంతి లేకపోతే ప్లాస్టిక్ సీసాయే బంతి. ఆ పిల్లలే పెద్దయ్యాక సింగాతోకా ఇసుక దిబ్బల దగ్గరికి వస్తారు. సముద్రం ఒడ్డున ఇంటి మేడలంత ఎత్తున లేచిన ఇసుక. దాని మీదకు పరుగెత్తాలి. మడమ దాకా దిగబడుతుంది, ఒక అడుగు ఎక్కితే అరడుగు కిందికి జారుతుంది, తొడలు మండిపోతాయి. జిమ్ముల్లో లక్షలు పోసినా రాని కండ ఆ ఇసుక ఉచితంగా ఇస్తోంది.

ఏడు డాలర్ల నోటు

2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని ఊడ్చేసింది. 44 మంది చనిపోయారు, ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. ఆర్నెల్లు తిరక్కుండానే, ఆగస్టు 11న, రియోలో ఒలింపిక్ రగ్బీ సెవెన్స్ ఫైనల్. ఎదురుగా గ్రేట్ బ్రిటన్, ఒకప్పటి ఏలిక. సగం ఆట అయ్యేసరికి ఫిజీ 29-0. చివరికి 43-7. ఒలింపిక్స్‌లో ఫిజీకి ఏ రంగు పతకమైనా అదే మొదటిది, వచ్చీరాగానే బంగారం. మన మహబూబాబాద్ జిల్లా పుట్టడానికి సరిగ్గా రెండు నెలల ముందు మాట ఇది.

ఆటగాళ్లు మైదానం మధ్యలో భుజాల మీద చేతులేసుకుని వలయంగా నిలబడి కీర్తన పాడారు. పతకాలు ఇవ్వడానికి బ్రిటిష్ యువరాణి ఆన్ వస్తే ఒక్కొక్కరూ మోకాళ్ల మీద కూర్చుని అందుకున్నారు. అది బానిసత్వం అనుకుంటే పొరపాటు. పెద్దల చేతి నుంచి ఏదైనా తీసుకునేటప్పుడు వంగి అందుకోవడం వాళ్ల మర్యాద. గెలిచిన పొగరు కళ్లకెక్కని ఆ నిమిషం నాకు ఆ 43 పాయింట్ల కన్నా ఇష్టం.

ఆగస్టు 22న దేశమంతటికీ సెలవు ఇచ్చారు. ఇంగ్లిష్ కోచ్ బెన్ రయాన్‌కు ఒక ఊరి పెద్దలు స్థానిక బిరుదు, మూడెకరాల భూమి ఇచ్చారు. మరుసటి ఏడాది ఫిజీ రిజర్వు బ్యాంకు ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చువేసింది. జట్టుకు ఏడుగురు కాబట్టి ఏడు డాలర్లు. దాని మీద కెప్టెన్ ఒసెయా కొలినిసౌ, కోచ్ రయాన్ బొమ్మలున్నాయి. దాచుకునే వస్తువు మాత్రమే కాదు, కొట్లో ఇస్తే చెల్లుతుంది. ఫిజీ రగ్బీ జెర్సీల మీద భారతీయ సంతతి పేర్లు ఇప్పటికీ అరుదే. కానీ ఆ రోజు సువా వీధుల్లో, లౌటోకా చెరకు ఊళ్లలో జెండా పట్టుకుని ఊరేగినవాళ్లలో అందరూ ఉన్నారు. వందేళ్ల నాటి పంపకం ఆ రోజుకు పక్కకు పోయింది.

చేపల విమానం

టోక్యో ఒలింపిక్స్‌కు ఫిజీ జట్టు ఎలా వెళ్లిందో తెలుసా? కరోనాతో ప్రయాణికుల విమానాలు నిలిచిపోతే గడ్డకట్టించిన చేపలు తరలించే సరకు విమానంలో వెళ్లింది. నెలల తరబడి ఇంటి ముఖం చూడని ఆటగాళ్లు 2021 జూలై 28న ఫైనల్లో న్యూజిలాండ్‌ను 27-12తో ఓడించారు. రియో జట్టులోంచి టోక్యో దాకా మిగిలినవాడు కెప్టెన్ జెర్రీ తువాయి ఒక్కడే. రెండు ఒలింపిక్ స్వర్ణాలున్న తొలి ఫిజియన్ అతను. మూడు రోజుల తర్వాత అమ్మాయిల జట్టు గ్రేట్ బ్రిటన్‌ను 21-12తో ఓడించి కాంస్యం తెచ్చింది. 2024 పారిస్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 7-28తో ఓడేదాకా ఒలింపిక్స్‌లో ఫిజీ మగవాళ్ల జట్టుకు ఓటమి అన్నదే లేదు. వరసగా 17 గెలుపులు.

ఓడి కూడా ముందుకు

పదిహేను మంది ఆటలో 2007 సెప్టెంబరు 29 ఫిజీ వాళ్లకు పండుగ రోజు. నాంత్‌లో వేల్స్‌ను 38-34తో ఓడించి ప్రపంచకప్ క్వార్టర్స్‌కు చేరారు. 2018లో పారిస్‌లో ఫ్రాన్స్ మీద 21-14, తొలి గెలుపు. 2023 ఆగస్టులో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద 30-22, అదీ తొలి గెలుపే. తర్వాతి నెల ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా మీద 22-15. 1954 తర్వాత ఆస్ట్రేలియాను ఓడించడం అదే, 69 ఏళ్లకు. ఆ తర్వాత పోర్చుగల్ చేతిలో 23-24తో ఓడిపోయారు. అయినా తక్కువ తేడాతో ఓడినందుకు దక్కే ఒక్క బోనస్ పాయింటుతో ఆస్ట్రేలియాను వెనక్కి నెట్టి క్వార్టర్స్ చేరారు! అక్కడ ఇంగ్లండ్ 30-24తో ఆపింది.

ఇంకో లెక్క: ఫిజీలో పుట్టో పెరిగో వేరే దేశాల జెర్సీ వేసుకున్నవాళ్లు. న్యూజిలాండ్‌కు జో రొకొథోకో, సితివేని సివివతు, సెవు రీస్. ఆస్ట్రేలియాకు సాము కెరేవి, మరికా కొరొయిబేతే. ఫ్రాన్స్‌కు విరిమి వకతవా. ఇంగ్లండ్‌కు ఆడిన సెమేసా రొకొదుగుని బ్రిటిష్ సైన్యంలో సిపాయి. వీళ్లందరినీ వెనక్కి పిలిస్తే ప్రపంచకప్ ఎవరిదో చెప్పడం కష్టం కాదు. పొట్టకూటి కోసం వెళ్లినవాళ్లను నిందించడమూ సరికాదు. ఆ దారి ఆపడానికే 2022 నుంచి 'ఫిజియన్ ద్రువా' అనే జట్టు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్లబ్బుల సరసన సూపర్ రగ్బీలో ఆడుతోంది. 2023లో లౌటోకాలో ఏళ్ల తరబడి చాంపియన్ అయిన క్రూసేడర్స్‌ను 25-24తో ఓడించింది. 1903లో మన వాళ్లు చెరకు గానుగకు వేసిన ఊరు అదే లౌటోకా.

హైదరాబాద్ దాకా వచ్చింది

2025 జూన్‌లో ముంబైలో తొలిసారి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. సెవెన్స్ పద్ధతిలో ఆరు జట్లు, అందులో 'హైదరాబాద్ హీరోస్' ఒకటి. ఫిజీ ఆటగాళ్లూ వచ్చి ఆడారు. కప్పు చెన్నై బుల్స్‌ది. లీగ్‌కు పేరు జోడించిన జీఎంఆర్ సంస్థ అధినేత సొంతూరు ఉత్తరాంధ్రలోని రాజాం. ఒకప్పుడు ఫిజీ ఓడలకు మనుషుల్ని పంపిన విశాఖ ప్రాంతమే అది.

మరిపెడ మండలంలోని ఊళ్లలో, తండాల్లో కబడ్డీ పట్టు తెలిసిన పిల్లలకు కొదవ లేదు. వ్యాయామ ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. రగ్బీకి ఖరీదైన సామాను అక్కర్లేదు, ఒక బంతి, ఫుట్‌బాల్ మైదానమంత చోటు ఉంటే చాలు. చిన్న పిల్లలకైతే పడేయడం లేకుండా నడుముకు కట్టిన గుడ్డపట్టీ లాగే పద్ధతి ఉంది, దెబ్బలు తగలవు. ఈ ఏడు బడి ఆటల పోటీల్లో కబడ్డీ, ఖోఖో పక్కన దీన్ని కూడా ఒకసారి పెట్టి చూడండి. ఆడపిల్లలను తప్పకుండా దించండి.